క్రయోనిక్స్ పరిశోధనలో వ్యక్తిగత బాధ్యత

క్రయోనిక్స్ అనగా చట్టప్రకారం మరణించినట్లు ధ్రువీకరింపబడిన మనిషి దేహాన్ని గాని, మెదడును గాని అతిశీతల స్థితిలో చెడిపోకుండా నిలువచేసి, ఏనాటికైనా శాస్త్రం ఆ మనిషిని తిరిగి బ్రతికించి అతడి రోగాన్ని నయం చేయగలదని ఎదురుచూచే ప్రయత్నము. చలి అని అర్థమిచ్చే గ్రీకు మాట 'క్రయోస్' నుండి ఈ పేరు వచ్చినది. 1967 నుండి నేటివరకు ప్రపంచంలో కొన్ని వందల మంది దేహాలు ఈ విధంగా నిలువచేయబడినవి. వీరిలో ఒక్కరైనా తిరిగి బ్రతుకలేదు. ద్రవ నత్రజని ఉష్ణోగ్రతకు చల్లార్చిన ఏ క్షీరదమునూ పూర్తి దేహంతో తిరిగి బ్రతికించడం ఇంతవరకు సాధ్యపడలేదు.

క్రయోనిక్స్‌ను నమ్మేవారిలోనే మొదటినుండి ఒక వివాదం ఉన్నది. దేహాన్ని చల్లార్చి ఉంచితే చాలు, తక్కినదంతా రాబోయే తరాల శాస్త్రజ్ఞులు చూచుకొందురని ఒక వర్గం భావిస్తుంది. రాబోయే శాస్త్రం తనంత తాను రాదనీ, ఈనాడు చెడిపోయినదానిని ఆనాడు ఎవరూ బాగుచేయలేకపోవచ్చుననీ, కనుక పరిశోధనను ముందుకు నడిపే బాధ్యత ఫలితం కోరేవారిదేననీ మరొక వర్గం వాదిస్తుంది. ఈ వ్యాసం ఆ వివాదాన్ని, దానికి ఆధారమైన శాస్త్ర విషయాలను, తెలుగు ప్రాంతంలో దానికి దగ్గరగా ఉన్న కృషిని వివరిస్తుంది.

పరిధి

క్రయోనిక్స్‌ను క్రయోబయాలజీతో కలిపి చెప్పరాదు. క్రయోబయాలజీ (అతిశీతల జీవశాస్త్రం) విశ్వవిద్యాలయాలలో బోధింపబడే శాస్త్రశాఖ. వీర్యకణాలు, పిండాలు, రక్తకణాలు, మూలకణాలు మొదలగువాటిని చల్లార్చి, తిరిగి జీవంతో వెలికితీయడం ఇందులో నిత్యం జరిగే పని. క్రయోనిక్స్ ఆ శాస్త్రపు పద్ధతులను వాడుకొంటుంది గాని, తిరిగి వెలికితీసే పనిని భవిష్యత్తుకు వదిలివేస్తుంది. ముఖ్యమైన తేడా ఇదే.

కడప జిల్లా పాఠకులకు జీవసమాధి అనే మాట సుపరిచితం. మైదుకూరు ప్రాంతంలోని కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో జీవసమాధి పొందినట్లు సంప్రదాయం చెబుతున్నది. ఆయన వీరభోగ వసంతరాయలుగా తిరిగి వస్తాడని భక్తుల విశ్వాసం. క్రయోనిక్స్‌లో కూడా తిరిగివచ్చుట అనే ఆశ ఉన్నందున ఈ రెండింటినీ కొందరు పోల్చుతారు. అయితే జీవసమాధి యోగానికి, విశ్వాసానికి చెందినది. అక్కడ వచ్చేవాడు తన సంకల్పంతో వస్తాడు. క్రయోనిక్స్‌లో దేహం తనంత తాను చేయగలిగినది ఏదీ లేదు. మరొకరెవరో పనిచేసి సాధించవలసిందే. అందువలన ఆ పని ఎవరిదనే ప్రశ్న ఇక్కడ తప్పనిసరిగా వస్తుంది.

ఎటింగర్ నిరీక్షణ

క్రయోనిక్స్‌కు ఆద్యుడుగా పేరొందిన రాబర్ట్ ఎటింగర్ (1918-2011) అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో కళాశాల స్థాయిలో భౌతికశాస్త్రం బోధించిన ఉపాధ్యాయుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడి కొన్ని సంవత్సరాలు ఆసుపత్రులలో గడిపాడు. గ్లిసరాల్ కలిపి కప్ప వీర్యకణాలను చల్లార్చి బ్రతికించవచ్చునని ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు జాన్ రొస్తాన్ 1946లో ప్రకటించిన పరిశోధన ఆయన దృష్టికి వచ్చినది. చల్లార్చిన కణం బ్రతికినపుడు, చల్లార్చిన మనిషి ఏనాటికైనా ఎందుకు బ్రతుకకూడదని ఎటింగర్ ఆలోచించాడు. 1948లో ఈ ఊహను ఒక కథగా వ్రాసి ప్రచురించాడు.

తరువాత పన్నెండేళ్లపాటు ఆయన ఎదురుచూశాడు. తాను సామాన్య అధ్యాపకుడు గనుక, తనకంటె అర్హులైన వైద్యులో జీవశాస్త్రజ్ఞులో ఈ విషయాన్ని చేపట్టుతారని భావించాడు. ఎవరూ చేపట్టలేదు. 1960లో తన ఆలోచన సారాంశాన్ని అమెరికాలోని సుమారు 200 మంది ప్రముఖులకు పంపాడు. స్పందన దాదాపు లేదనే చెప్పవచ్చును. అప్పుడు 1962లో స్వంత ఖర్చుతో ఒక పుస్తకం అచ్చువేయించాడు. "ది ప్రాస్పెక్ట్ ఆఫ్ ఇమ్మోర్టాలిటీ" అనే ఆ పుస్తకాన్ని 1964లో డబుల్‌డే సంస్థ ప్రచురించినది. అనేక భాషలలోకి అనువాదమైనది.

ఈ చరిత్రలో ఒక వైచిత్రి ఉన్నది. ఇతరులకై ఎదురుచూచి లాభం లేదని గ్రహించి పూనుకొన్న ఎటింగర్, తన పుస్తకంలో మాత్రం పాఠకుడికి భావితరాలను నమ్ముకోమనే చెప్పాడు. నేటి శీతలీకరణ పద్ధతి ఎంత మోటుగా ఉన్నప్పటికీ, రాబోయే కాలపు శాస్త్రజ్ఞులు రోగాన్నీ, వృద్ధాప్యాన్నీ, శీతలీకరణ వలన కలిగిన నష్టాన్నీ కూడ సరిచేయగలరనేది ఆయన వాదంలో ముఖ్యాంశం. తరువాతి వివాదమంతా ఈ వాక్యం చుట్టూనే తిరిగినది.

ఎటింగర్ 1976లో మిచిగన్‌లో క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించాడు. 1977లో మరణించిన ఆయన తల్లి ఆ సంస్థలో మొదట నిలువచేయబడిన వ్యక్తి. ఎటింగర్ 2011 జూలై 23న తన 92వ ఏట మరణించగా, ఆయన దేహం కూడ అక్కడే ఉంచబడినది.

బెడ్‌ఫోర్డ్, చాట్స్‌వర్త్ ఉదంతాలు

క్రయోనిక్స్ పద్ధతిలో నిలువచేయబడిన మొదటి వ్యక్తి జేమ్స్ బెడ్‌ఫోర్డ్. ఇతడు మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. కేన్సరు వ్యాధితో 1967 జనవరి 12న కాలిఫోర్నియాలో మరణించాడు. ఇతడి భార్య, కుమారుడు దేహాన్ని ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మార్చుతూ, కొన్నేళ్లపాటు తామే ద్రవ నత్రజని పోయించుకొంటూ, 1982లో ఆల్కర్ సంస్థకు అప్పగించే వరకు కాపాడారు. 1991లో పాత పాత్రను తెరచి పరిశీలించినపుడు, మొదట ఉంచిన మంచుగడ్డలు ఆకారం చెడకుండా ఉండడం వలన, దేహం మధ్యలో కరగలేదని నిర్ధారించారు. 1970ల తొలినాళ్ల వరకు శీతలీకరించిన వారిలో నేటికీ నిలిచియున్న దేహం బెడ్‌ఫోర్డ్‌ది ఒక్కటే.

తక్కినవారి గతి చాట్స్‌వర్త్ ఉదంతం వలన తెలుస్తున్నది. లాస్ ఏంజెలెస్ సమీపంలోని చాట్స్‌వర్త్ శ్మశానవాటికలో కాలిఫోర్నియా క్రయోనిక్స్ సొసైటీ ఒక భూగృహాన్ని ఏర్పరచి దేహాలను ఉంచినది. దాని అధ్యక్షుడు రాబర్ట్ నెల్సన్ వృత్తిరీత్యా టెలివిజన్లు బాగుచేసేవాడు. కొందరి బంధువులు ధనం పంపడం మానివేశారు. ద్రవ నత్రజని కొనడానికి సొమ్ము చాలలేదు. ఒకే పాత్రలో పలువురి దేహాలను సర్దారు. చివరకు నత్రజని పోయడం ఆగిపోయినది. ఈ సంగతి బంధువులకు తెలుపలేదు. 1979లో బయటపడేనాటికి అక్కడి తొమ్మిది దేహాలు కరిగి కుళ్లిపోయినవి. బంధువులు కోర్టుకు వెళ్లి 1981లో నష్టపరిహారపు తీర్పు పొందారు.

చాట్స్‌వర్త్‌లో ఉంచబడిన వారందరూ భవిష్యత్తును నమ్మినవారే. వారిని ముంచినది భవిష్యత్తు శాస్త్రం కాదు, వర్తమానంలో నెలనెలా చేయవలసిన పని చేయకపోవడం. ఈ ఉదంతం తరువాత క్రయోనిక్స్ సంస్థలు ముందుగానే పూర్తి ధనం తీసుకొని ప్రత్యేక నిధిలో ఉంచడం, చాలామంది జీవితబీమా ద్వారా ఆ మొత్తం సమకూర్చుకోవడం అలవాటైనది.

శీతలీకరణ వలన కలిగే నష్టం

గుండె ఆగిన తరువాత నాలుగైదు నిమిషాలలోనే ప్రాణవాయువు అందక మెదడు కణాలు దెబ్బతినడం ఆరంభమవుతుంది. అందువలన క్రయోనిక్స్ సంస్థలు మరణ ధ్రువీకరణ జరిగిన వెంటనే దేహాన్ని మంచునీటిలో ఉంచి, యంత్రంతో రక్తప్రసరణను కొంతసేపు నడిపి, రక్తాన్ని తొలగించి రక్షక ద్రవాలను ఎక్కిస్తాయి. తరువాత క్రమక్రమంగా చల్లార్చి, సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్ వద్దనున్న ద్రవ నత్రజనిలో ఉంచుతాయి. ఆల్కర్ సంస్థలో దేహాలను తలక్రిందులుగా ఉంచుతారు. ఎప్పుడైనా నత్రజని తగ్గినచో పాదాలు ముందు వెచ్చబడి, తల చివరివరకు చల్లగా ఉండాలని దీని ఉద్దేశం.

ఈ ప్రక్రియలో నష్టం మూడు విధాలుగా కలుగుతుంది.

* మంచు స్ఫటికాలు: నిండుగా నీరు పోసి మూత బిగించిన సీసా గడ్డకట్టినపుడు పగులును. గడ్డకట్టిన టమాటా కరిగిన తరువాత మెత్తబడి నీరు కారును. కణజాలంలో కూడ ఇదే జరుగుతుంది. నీరు స్ఫటికాలుగా మారి కణాల అమరికను చీల్చుతుంది. మిగిలిన ద్రవంలో లవణాల గాఢత పెరిగి మరికొంత హాని కలుగుతుంది.
* రక్షక ద్రవాల విషప్రభావం: గ్లిసరాల్ వంటి ద్రవాలు మంచు ఏర్పడకుండా ఆపుతాయి. కాని వాటి మోతాదు పెరిగినకొద్దీ కణాలకు అవే విషంగా పరిణమిస్తాయి.
* పగుళ్లు: పెద్ద అవయవాలను చల్లార్చినపుడు పైభాగం, లోపలిభాగం వేరువేరు వేగాలతో సంకోచించి గాజువలె పగులుతాయి.

మంచు స్ఫటికాల సమస్యకు విట్రిఫికేషన్ (గాజుస్థితికి మార్చడం) అనే పద్ధతి పరిష్కారం చూపినది. దీనిని వంటింటి ఉదాహరణతో గ్రహించవచ్చును. చక్కెర ద్రావణాన్ని నెమ్మదిగా స్ఫటికాలు కట్టనిస్తే పటికబెల్లం అవుతుంది. అదే చక్కెరను ముదురు పాకం పట్టి త్వరగా చల్లార్చితే స్ఫటికాలు లేని గాజువంటి బిళ్ల అవుతుంది. గాఢమైన రక్షక ద్రవాలతో నింపిన కణజాలాన్ని తగిన వేగంతో చల్లార్చినచో అందులోని నీరు కూడ మంచుగా మారక, గాజువలె గట్టిపడుతుంది. ఆల్కర్ మొదలగు సంస్థలు 2000 తరువాత ఈ పద్ధతికి మారినవి. అంతకు పూర్వం నిలువచేయబడిన దేహాలలో మంచు వలన కలిగిన నష్టం అలాగే ఉన్నది.

భావి శాస్త్రం చేయగలిగినది, చేయలేనిది

మనిషి జ్ఞాపకాలు, స్వభావం మెదడులోని కణాల మధ్యనున్న సూక్ష్మమైన అనుబంధాలలో నిక్షిప్తమై ఉంటాయని నేటి నాడీశాస్త్రం భావిస్తున్నది. ఈ అమరిక ఏ రూపంలోనైనా మిగిలియుంటే దానిని బాగుచేయడం సిద్ధాంతరీత్యా సాధ్యం. అమరికే చెరిగిపోతే ఎంతటి శాస్త్రమైనా చేయగలిగినది లేదు. ఈ స్థితినే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు రాల్ఫ్ మెర్కల్ సమాచారపరమైన మరణం అని పేర్కొన్నాడు.

కడపతో విడదీయరాని అనుబంధమున్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) కృషి ఈ భేదాన్ని గ్రహించడానికి ఉపకరిస్తుంది. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్, తెలుగు గ్రంథాలు తాళపత్రాలలో శిథిలమవుతుండగా చూచి, వాటిని సేకరించి, స్వంత ధనంతోనూ అప్పుచేసియూ పండితులను, లేఖకులను నియమించి ప్రతులు వ్రాయించాడు. పద్యంలో అక్షరాలు చెదిరినపుడు పండితులు అనేక ప్రతులను పోల్చి సరైన పాఠాన్ని నిర్ణయించేవారు. వేమన పద్యాలను ఆయన 1829లో ప్రచురించాడు. పగిలిన ఆకును తరువాతి పండితుడు అతికించి చదువగలడు. మసకబారిన అక్షరాన్ని మరొక ప్రతితో పోల్చి ఊహించగలడు. కాని చెదపురుగు తినివేసిన ఆకులోని పద్యం, దానికి వేరొక ప్రతి లేనిచో, ఎంత గొప్ప పండితుడు పుట్టినా తిరిగిరాదు. మనిషి మెదడు ఒకే ఒక్క ప్రతి ఉన్న తాళపత్ర గ్రంథం వంటిది. దానిని ఎంతవరకు చెడకుండా నిలిపినామనేది ఈనాటి పని మీదనే ఆధారపడి ఉన్నది.

భారతదేశపు చీతాల విషయం ఇదే సత్యాన్ని మరొక విధంగా తెలుపుతుంది. దేశంలో చివరివిగా భావింపబడిన మూడు చీతాలు 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా ప్రాంతంలో వేటలో చంపబడినవి. 1952లో ఆ జాతి దేశంలో అంతరించినట్లు ప్రకటించారు. 2000 తరువాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు క్లోనింగ్ ద్వారా ఆసియా చీతాను తిరిగి సృష్టించాలని తలపెట్టారు. అప్పటికి శాస్త్రం కొంత సిద్ధమైనది గాని, భారతదేశపు చీతా సజీవకణం ఒక్కటియు నిలువలో లేదు. ఇరాన్‌లో మిగిలిన చీతాల కణాలను కోరగా ఆ దేశం నిరాకరించినది. ప్రయత్నం ఆగిపోయినది. 1947లో కణాలను నిలువచేసే పరిజ్ఞానమే లేదు గనుక ఆనాటివారిని తప్పుపట్టలేము. కాని భావి శాస్త్రం ఎంత పెరిగినా, గతం తనకు అందించినదానితోనే అది పనిచేయగలదని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తున్నది.

పరిశోధన ముందుకు సాగిన తీరు

ఈ రంగంలో ప్రతి మెట్టు వెనుక ఎవరో ఒకరు పూనుకొని చేసిన పని ఉన్నది.

* 1949లో లండన్‌లో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలాన్ పార్క్స్ గ్లిసరాల్ సహాయంతో కోడిపుంజు వీర్యకణాలను చల్లార్చి బ్రతికించారు. సీసాల పేర్లు తారుమారైనందున గ్లిసరాల్ ప్రభావం యాదృచ్ఛికంగా బయటపడినది. సీసాలో ఉన్నదేమిటో పరీక్షించి తెలుసుకొన్నందుననే ఆ యాదృచ్ఛికం ఆవిష్కరణగా మారినది.
* 1966లో జపాన్‌కు చెందిన ఇసాము సుడా బృందం, చల్లార్చి నిలువచేసిన పిల్లి మెదడును వెచ్చజేసినపుడు కొంత విద్యుత్ చర్య తిరిగి కనిపించినదని ప్రకటించినది.
* 1978లో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దేశంలోని మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించినది. పిండాన్ని చల్లార్చి నిలువచేసి, తరువాత గర్భంలో ప్రవేశపెట్టినట్లు ఆయన తెలిపాడు. ప్రభుత్వం నియమించిన సంఘం ఆయనను నమ్మలేదు. పరిశోధన కొనసాగించుటకు అవకాశం కూడ లభించలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు. 1997లో డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ ఆయన వ్రాతలను పరిశీలించి, ఆ ఘనత ఆయనదేనని బహిరంగంగా ప్రకటించాడు.
* 1985లో విలియం రాల్, గ్రెగరీ ఫాహీ ఎలుక పిండాలను విట్రిఫికేషన్ పద్ధతిలో నిలువచేసి బ్రతికించారు. నేడు సంతానసాఫల్య కేంద్రాలలో ఈ పద్ధతి సాధారణమైనది.
* ఫాహీ బృందం కుందేలు మూత్రపిండాన్ని గాజుస్థితికి చల్లార్చి, వెచ్చజేసి, తిరిగి అమర్చగా ఆ కుందేలు దానితోనే 48 రోజులు జీవించినది. ఈ ఫలితాన్ని 2009లో ప్రచురించారు.
* 2016లో కుందేలు మెదడును, 2018లో పంది మెదడును సూక్ష్మ అమరిక చెడకుండా నిలిపినందుకు బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ బహుమతులు లభించినవి. ఈ పద్ధతిలో కణజాలాన్ని రసాయనంతో బిగించి ఉంచుతారు గనుక ఆ మెదడు జీవశాస్త్రపరంగా తిరిగి పనిచేయదు, అమరిక మాత్రమే నిలుస్తుంది.
* 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 100 రోజుల వరకు నిలువచేసిన ఎలుకల మూత్రపిండాలను, ఇనుప ఆక్సైడ్ సూక్ష్మరేణువులు నింపి అయస్కాంత క్షేత్రంలో సమంగా వెచ్చజేసి, వేరే ఎలుకలకు అమర్చి పనిచేయించారు.

ఈ పనులలో ఎక్కువభాగం మృతులను బ్రతికించాలనే ఉద్దేశంతో జరిగినవి కావు. సంతానసాఫల్యం, పశుసంపద, అవయవమార్పిడి వంటి నేటి అవసరాలకై జరిగినవి. క్రయోనిక్స్ సమర్థకుల చొరవతో జరిగిన పరిశోధన కొంత ఉన్నప్పటికీ, అది చాలావరకు కొద్దిమంది వ్యక్తుల ధనంతో, శ్రమతో నడిచినది. 1982లో క్రయోబయాలజీ సొసైటీ మృతదేహాలను శీతలీకరించే వారిని సభ్యత్వం నుండి తొలగించుటకు వీలు కల్పిస్తూ నియమం చేసినది. దానితో వృత్తిరీత్యా శాస్త్రజ్ఞులైనవారు ఈ విషయానికి దూరంగా ఉండవలసి వచ్చినది. 2018లో ఆ సంస్థ తన వైఖరిని తిరిగి వివరిస్తూ, క్రయోనిక్స్ శాస్త్రం కాదనీ, ఊహ, ఆశలపై ఆధారపడినదనీ పేర్కొన్నది.

తెలుగునాట సంబంధిత కృషి

దేహాలను నిలువచేసే సంస్థలు అమెరికా, రష్యా, చైనా, స్విట్జర్లాండ్, ఆస్ట్రేలియా దేశాలలో ఉన్నవి. మరణించిన నిమిషాలలోనే పని ఆరంభం కావలసియున్నందున, వాటికి దూరంగా ఉన్నవారికి ఈ పద్ధతి పేరుకే అందుబాటులో ఉన్నదని చెప్పవచ్చును. అయితే దీనికి మూలమైన అతిశీతల పరిజ్ఞానం తెలుగు ప్రాంతానికి కొత్తది కాదు.

దువ్వూరు, చాపాడు, మైదుకూరు వంటి మండలాల రైతులకు ద్రవ నత్రజని పాత్ర కంటికి తెలిసిన వస్తువే. ఎద కట్టిన ఆవుకు, గేదెకు సూది వేయించుటకు పశువైద్యశాల సిబ్బంది గాని, గోపాలమిత్రలు గాని తెచ్చే పాత్రలో సన్నని గొట్టాలలో మేలుజాతి ఆబోతుల వీర్యం సున్నాకు దిగువన 196 డిగ్రీల వద్ద ఉంటుంది. పొరుగున నంద్యాలలో ఘనీకృత వీర్య కేంద్రం పనిచేస్తున్నది. గొట్టాన్ని గోరువెచ్చని నీటిలో కొన్ని క్షణాలు ఉంచి వాడుతారు. పాత్రలో నత్రజని ఇంకిపోతే లోపలి గొట్టాలన్నీ వ్యర్థం. చాట్స్‌వర్త్‌లో జరిగినది ఏమిటో ఈ పాత్రను చూచినవారు సులభంగా గ్రహించగలరు.

హైదరాబాదులోని అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి.కి అనుబంధంగా లాకోన్స్ (అంతరించిపోతున్న జీవజాతుల సంరక్షణ ప్రయోగశాల) ఉన్నది. డాక్టర్ లాల్జీ సింగ్ చొరవతో ఏర్పడిన ఈ ప్రయోగశాలను 2007 ఫిబ్రవరి 1న నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశాడు. ఇక్కడి కృషితో 2006లో కృత్రిమ గర్భధారణ ద్వారా 'స్పాటీ' అనే చుక్కల జింక పిల్ల, 2007లో కృష్ణజింక పిల్ల జన్మించినవి. 2018లో ఇక్కడ జాతీయ వన్యప్రాణి జన్యువనరుల బ్యాంకు ఆరంభమైనది. వన్యజాతుల కణాలను, వీర్యాన్ని ద్రవ నత్రజనిలో భద్రపరచి రాబోయే కాలానికి అందించడం దీని లక్ష్యం. నిలువచేయడం, వెలికితీసే పద్ధతిని కనుగొనడం రెండూ ఒకేచోట జరుగుతుండడం ఇక్కడి విశేషం.

హైదరాబాదులోనే ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థకు చెందిన రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి, దానం చేసిన నల్లగుడ్డు పైపొరను (కార్నియాను) కొద్ది రోజులు సజీవంగా ఉంచే ద్రావణాన్ని తానే తయారుచేసి ఇతర నేత్రనిధులకు కూడ అందజేస్తున్నది. రాయలసీమ వాసులకు దగ్గరైన బెంగుళూరులో నిమ్హాన్స్ సంస్థ 1995 నుండి మానవ మెదడు బ్యాంకును నిర్వహిస్తున్నది. మరణించినవారి మెదళ్లను కుటుంబ సభ్యుల అనుమతితో స్వీకరించి, కొన్నింటిని రసాయనంలోను, కొన్నింటిని అతిశీతల స్థితిలోను ఉంచి నాడీవ్యాధుల పరిశోధనకు వినియోగిస్తున్నారు.

తెలుగువారిలో శాస్త్రానికై ఎదురుచూడక తానే పూనుకొన్నవారికి యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) ఉత్తమ ఉదాహరణ. ఇతడి సోదరులు ఇద్దరు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాతో మరణించారు. అప్పటికి దానికి మందు లేదు. తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఇతడు నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసే విధానం కనుగొన్నది. స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడినది. సోదరులకు ఆ మందు అందలేదు. కాని తరువాత ఆ వ్యాధి వచ్చినవారికి అందినది.

విమర్శలు

క్రయోనిక్స్‌పై వచ్చిన ప్రధాన విమర్శలు ఇవి.

* తిరిగి బ్రతికించగలమనే ఆధారం ఏదీ లేకుండా, దుఃఖంలో ఉన్న కుటుంబాల నుండి పెద్దమొత్తాలు తీసుకోవడం సరికాదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పూర్తి దేహానికి క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ 28 వేల డాలర్లు, ఆల్కర్ రెండు లక్షల డాలర్లకు పైగా తీసుకొంటున్నవి.
* ఈ ధనం బ్రతికియున్న రోగుల చికిత్సకు ఉపయోగిస్తే మేలని మరొక వాదం.
* నిర్ణయాధికారం ఎవరిదనే చిక్కు ఉన్నది. 2016లో ఇంగ్లండులో కేన్సరుతో మరణించబోతున్న 14 ఏళ్ల బాలిక తన దేహాన్ని నిలువచేయాలని కోరగా తల్లి సమ్మతించినది, తండ్రి మొదట వ్యతిరేకించాడు. హైకోర్టు న్యాయమూర్తి తల్లికి నిర్ణయాధికారం ఇచ్చాడు. ఇది క్రయోనిక్స్ మంచిచెడ్డలపై తీర్పు కాదనీ, తల్లిదండ్రుల వివాదంపై మాత్రమేననీ ఆయన స్పష్టం చేశాడు.
* భావి సమాజం గతకాలపు మనుషులను బ్రతికించాలని కోరుకొంటుందనే హామీ లేదని తాత్త్వికుల ఆక్షేపణ.

వ్యక్తిగత బాధ్యతను ఎత్తిచూపేవారు ఈ విమర్శలలో కొన్నింటిని అంగీకరిస్తారు. వారి సమాధానం ఏమనగా, రుజువు లేదని చెప్పడం న్యాయమే గాని, రుజువు పరిశోధన వలననే వస్తుంది. సభ్యత్వ రుసుము కట్టి నిశ్చింతగా ఉండే సభ్యుడు, పరిశోధనను ఎగతాళి చేసే విమర్శకుడు ఇద్దరూ పరిశోధన విషయంలో ఒకేచోట నిలిచి ఉంటారు. ఇద్దరి వలనా అది ముందుకు సాగదు. దీనికి ప్రతివాదం కూడ ఉన్నది. సామాన్యుడు ప్రయోగశాల నడపలేడు, రోగి తన మందును తానే కనుగొనాలని కోరడం అన్యాయమని కొందరు అంటారు. బాధ్యత అనగా ప్రతివారూ శాస్త్రజ్ఞులు కావడం కాదనీ, తమ శక్తికి తగిన పాలు వహించడమనీ మొదటివారు బదులు చెబుతారు.

వ్యక్తులు చేయదగినవి

క్రయోనిక్స్‌ను నమ్మినా నమ్మకపోయినా, అతిశీతల సంరక్షణ శాస్త్రం వలన అవయవమార్పిడికి, నాడీవ్యాధుల చికిత్సకు, జీవజాతుల రక్షణకు మేలు ఉన్నందున, ఈ క్రింది మార్గాలు సాధారణంగా సూచింపబడుతున్నవి.

* నేత్రదానం, అవయవదానం: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అవయవదానం జీవన్‌దాన్ పథకం ద్వారా జరుగుతున్నది. గుండె వంటివి దేహం నుండి తీసిన తరువాత కొద్ది గంటలే పనికివచ్చును. ఎక్కువకాలం నిలువచేసే పద్ధతి వచ్చినచో ఎందరికో ప్రాణం నిలుచును.
* శరీరదానం, మెదడు దానం: ప్రభుత్వ వైద్య కళాశాలల శరీరనిర్మాణశాస్త్ర విభాగాలు శరీరదానాన్ని స్వీకరిస్తాయి. దాత అంగీకారపత్రం వ్రాసినప్పటికీ, మరణానంతరం కుటుంబం సహకరించనిదే ఇది నెరవేరదు. కనుక ఇంటివారితో ముందుగా మాట్లాడి ఉంచడం అవసరం.
* పరిశోధనకు ధనసహాయం: నిలువచేసే ఖర్చుకు, పరిశోధన ఖర్చుకు భేదం గుర్తించి, ఇచ్చే ధనం దేనికి పోతున్నదో తెలుసుకొని ఇవ్వడం.
* విద్య: క్రయోబయాలజీ, నాడీశాస్త్రం అభ్యసించేలా విద్యార్థులను ప్రోత్సహించడం. పశువైద్యశాలలోని ద్రవ నత్రజని పాత్రను చూపి పాఠశాల స్థాయిలోనే ఈ శాస్త్రాన్ని పరిచయం చేయవచ్చును.

కడపలో బ్రౌన్ నివసించిన బంగళా శిథిలమైన తరువాత, ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల కృషితో సి.పి. బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలసినది. బ్రౌన్ కాపాడిన పుస్తకాలు మిగిలినందుననే అక్కడ ఆయన పేరు కూడ మిగిలినది. నిలువచేసినవారు ఒక తరం, చదివినవారు మరొక తరం. మొదటి తరం తన పని చేయనిచో రెండవ తరానికి చేయుటకు పని ఉండదు. క్రయోనిక్స్ సఫలమవుతుందో లేదో ఈనాడు చెప్పలేము గాని, ఈ నియమం దానికి కూడ వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

* క్రయోబయాలజీ
* ద్రవ నత్రజని
* కృత్రిమ గర్భధారణ
* అవయవదానం
* సి.సి.ఎం.బి.
* యల్లాప్రగడ సుబ్బారావు
* చార్లెస్ ఫిలిప్ బ్రౌన్
* దువ్వూరు మండలం